ప్యాకెట్ కొన్నం సరే, దానికి తిండి ఏది?

పోయిన వారం టమాట ఎండు తెగులు మీద నాలుగు ముక్కలు రాస్తే ఫోన్ల మీద ఫోన్లు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, ట్రైకోడెర్మా వేసినం, ఏం లాభం లేదు, అదంతా ఉత్త సున్నపు పిండి." ఒకాయనైతే ఇంకో అడుగు ముందుకేసి, ఇదంతా కంపెనీల మోసం అన్నడు. మోసం చేసేటోళ్ళు లేరని నేను అనను. కాని పది మందిని "ఎట్ల వేసినవ్?" అని అడిగితే తొమ్మిది మంది ఒకే తీరుగ చెప్పిన్రు. ప్యాకెట్ చింపి, ఇసుకలోనో బూడిదలోనో కలిపి, సాళ్ళ పొంటి చల్లి, డ్రిప్ ఇడిచిపెట్టిన్రంట. నేను గూడ మొదటి ఏడు గట్లనే చేసిన కాబట్టి ఎవరినీ ఎక్కిరించుడు లేదు. అరెకరం టమాట, మూడో కోతకు వచ్చేసరికి సగం చెట్లు తలకాయ వేలాడేసినయి. ప్యాకెట్ అమ్మినాయన్ని తిట్టుకుంట తిరిగిన. తప్పు ఎక్కడున్నదో తెలిసేసరికి ఇంకో రెండు పంటలు పోయినయి.

ఇది మందు కాదు, విత్తనం. ఈ ఒక్క మాట మన బుర్రలో పడకనే ఇన్ని పైసలు మట్టిలో పోస్తున్నం.

ప్యాకెట్‌లో ఉండే ఆకుపచ్చ పొడి బూజు విత్తనం. చదువుకున్నోళ్ళు సిద్ధబీజాలు అంటరు. కంటికి కనపడనంత చిన్నవి. ఇప్పుడు వడ్ల గింజనో కంది గింజనో చూడండి. లోపల పప్పు ఉంటది. నీళ్ళు తగిలితే చాలు, లోపల ఉన్న తిండి తిని మొలక బయటికొస్తది, వేరు దిగినంక భూమిలో నుంచి తీసుకుంటది. కొబ్బరికాయనైతే ఇంటి మూలకు పారేసినా నెలలకు నెలలు తన తిండి తానే తిని మొలుస్తది. ట్రైకోడెర్మా బీజానికి ఆ సౌకర్యం లేదు. దాని దగ్గర మూట చాలా చిన్నది. ఉత్త నీళ్ళలో వేస్తే కొంచెం ఉబ్బి ఊరుకుంటది. అదే నీళ్ళలో కొంచెం చక్కెర, కొంచెం నత్రజని దొరికితే రోజు తిరగకుండ మొలక తీస్తది. చక్కెర అంటే చాయలో వేసుకునేదే కానక్కరలేదు. కుళ్ళుతున్న ఆకు, పెంట, చెట్టు వేరు నుంచి కారే రసం, ఏదైనా సరే. దానికి బయటి నుంచి కూడు కావాలె, అంతే.

"భూమి నిండ ఏదో ఒకటి ఉంటనే ఉంటది గద, తినలేదా?" అని మా బామ్మర్ది అడిగిండు. మంచి ప్రశ్న. మన భూమిలో బూజు విత్తనాలు కోట్లకు కోట్లు ఉంటయి, తేమ ఉంటది, వెచ్చదనం ఉంటది, అయినా ఎక్కువ శాతం పండుకునే ఉంటయి. ఈ సంగతి మీద 1953లో బ్రిటన్‌ల డాబ్స్, హిన్సన్ అనే ఇద్దరు ఒక వ్యాసం అచ్చేసిన్రు. ఏ మట్టి తీసుకున్నా అందులో బూజు బీజాలు మొలవకుండ ఏదో ఆపుతున్నదని వాళ్ళు చూసిన్రు. దాని తర్వాత అమెరికాల మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో లాక్‌వుడ్ అనే ఆయన ఏండ్లకు ఏండ్లు దీని మీదనే పని చేసిండు. ఆయన తేల్చింది మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, ఆకలి. మట్టిలో చక్కెర చుక్క పడంగనే లక్షల సూక్ష్మజీవులు ఎగబడి నాకేస్తయి. బూజు బీజం దాకా ఏం మిగలదు. బంతిలో చివరన కూసున్నోని కథ. ఆఖరికి బీజం లోపల ఉన్న కొంచెం సత్తువ గూడ బయటికి కారిపోతుంటే పక్కోళ్ళు గుంజుకుంటరంట. అందుకే అది లేవదు. లేస్తే చస్తానని దానికి తెలుసేమో మరి.

ఇది ఒక రకంగ మనకు మేలే. లేకపోతే భూమిలో ఉన్న తెగులు విత్తనాలన్నీ ఒక్క వానకే లేచి కూర్చుంటే మనకు ఒక్క చెట్టు మిగలదు. కాని అదే కట్టుబాటు మనం కొని తెచ్చిన మంచి బూజుకు గూడ వర్తిస్తది. మట్టికి చుట్టం, పగోడు అని తేడా లేదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కాగితం మీద నేను చేసుకున్నదే, మీరు గూడ చేసి చూడండి. ట్రైకోడెర్మా విరిడి ఒక శాతం పొడి ప్యాకెట్ మీద గ్రాముకు 2×10⁶ అని రాసి ఉంటది. అంటే గ్రాములో 20 లక్షల బీజాలు. రెండు కిలోలు తెస్తే 400 కోట్లు. అబ్బో అనిపిస్తది. ఇగ ఎకరంలో పైన ఆరు అంగుళాల మట్టి తూకం ఎంత? దగ్గర దగ్గర 9 లక్షల కిలోలు, అంటే 90 కోట్ల గ్రాములు. 400ని 90తోని భాగిస్తే గ్రాము మట్టికి నాలుగు బీజాలు. నాలుగు! అదే గ్రాము మట్టిలో పాత బూజులయి వేలల్లో ఉంటయి, బ్యాక్టీరియా కోట్లల్లో ఉంటయి. నలుగురు కొత్తోళ్ళను, ఆకలితోని, జాతర నడిమిట్ల ఇడిచిపెట్టి ఊరంతా కాపలా కాయమంటున్నం మనం. ఎట్లయితది?

గందుకే వాళ్ళు పెంటలో పెంచి వేయమని మొత్తుకునేది. రెండు కిలోల పొడి, 90 కిలోల బాగ మాగిన పశువుల పెంట, 10 కిలోల వేపపిండి. నీడకు పొరలు పొరలుగ పరిచి, నీళ్ళు చిలకరించి, గోనె సంచులు కప్పి, తేమ ఆరకుండ చూసుకుంట, మధ్యల ఒకటి రెండు సార్లు తిరగేసుకుంట వారం పది రోజులు ఉంచాలె. ఈ లెక్క మనం వినంది కాదు, గోడల మీద గూడ రాసిన్రు. కాని ఎందుకో చెప్పరు. ఎందుకో తెలవక మనం "గదంత ఎవడు చేస్తడు" అని ఇడిచిపెడ్తం. ఎందుకంటే, ఆ కుప్పలో దానికి తిండి ఉన్నది, పోటీ తక్కువున్నది. అక్కడ మొలిచి, దారాలు సాగి, మళ్ళీ కొత్త బీజాలు పెట్టి, ఒక్కటి వెయ్యి అవుతది. చేన్ల పడేసరికి ఉత్త బీజంగ గాక తన సద్దిమూట తానే పట్టుకొని దిగుతది. తిండి ముక్కకు అతుక్కొని పోతది కాబట్టి ఆకలి కట్టుబాటు దాన్ని ఆపలేదు. మనం నారు పోసి, పెంచి, నాటు వేయమా? గిది గంతే.

కుప్ప మంచిగ తయారైందో లేదో చూసుడు కష్టం కాదు. నాలుగైదు రోజులకు తెల్లటి బూజు, తర్వాత ఆకుపచ్చ రంగు తేలుతది. వాసన మట్టి వాసన రావాలె. ఘాటుగ ముక్కు కొడితే తడి ఎక్కువైందన్నట్టు. పిడికిట్ల పట్టి పిసికితే ముద్ద కావాలె, నీళ్ళు కారొద్దు. ఆకుపచ్చ కనపడ్డదల్లా ట్రైకోడెర్మా అనుకోవద్దు, నిమ్మకాయ మీద వచ్చే బూజు గూడ ఆకుపచ్చనే ఉంటది. అందుకే పాత ప్యాకెట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, గడువు తేదీ చూసి కొనండి. రేకుల షెడ్డులో ఎండకు ఉడికిన ప్యాకెట్ గడువు లోపల ఉన్నా లాభం లేదు. అమ్మేటోన్ని "లోపల చల్లగ పెట్టినవా?" అని అడగండి. కోపమొస్తే రానీయండి.

ఇంకోటి. చాలా మంది కుప్పలో కలిపే రోజే, లేదంటే చేన్ల వేసిన రెండు రోజులకే కార్బండిజం మందు పోస్తున్నరు. బూజును చంపే మందు బూజునే చంపుతది, మంచిదా చెడ్డదా అని అడగదు. కార్బండిజం అంటే ట్రైకోడెర్మాకు విషం. రెండిటి నడుమ పది పదిహేను రోజులన్న ఎడం ఉండాలె. ఎడమ చేతితోని విత్తి, కుడి చేతితోని పీకేసినట్టున్నది మన పని.

ఇగ అసలు తెగులు సంగతికొద్దాం. మంచి బూజుకు ఆకలి కట్టుబాటు ఉన్నట్టే చెడ్డ బూజుకు గూడ ఉన్నది. టమాట, కంది, ఆముదం, మూడిట్లకూ ఎండు తెగులు తెచ్చేది ఫ్యుజేరియం. ఒక్కో పంటకు ఒక్కో రకం ఉంటది, కంది దానిది టమాటకు పట్టదు. తిండి దొరకనప్పుడు ఇది మందమైన గోడ కట్టుకొని ముద్దబీజంగ మారి ఏండ్ల తరబడి మట్టిలో పండుకుంటది. ఎండకు చావదు, వానకు చావదు. మనం చెట్టు పెట్టంగనే వేరు నుంచి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కారుతయి. ఆకు చేసుకున్న చక్కెరలో కొంత వాటా వేరు బయటికి ఇడుస్తది, అది చెట్టు స్వభావం. వేరు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల దూరం వరకు ఆ రసం వాసన ఉంటది. ఆ గీతలోపల ముద్దబీజం ఉంటే లేస్తది, వేరులోకి దూరుతది, నీళ్ళ నాళాలు మూస్తది. ఆ గీత బయట ఉన్నది లేవదు. అంటే మన చెట్టే దానికి బువ్వ పెట్టి పిలుస్తున్నదన్నట్టు.

దాన్ని ఆపే దారి ఒకటే. దానికంటే ముందు ఇంకొకరు ఆ బంతిలో కూసోవాలె. ట్రైకోడెర్మా చేసే పనుల్లో ఇదొక పెద్ద పని. వేరు చుట్టూ చేరి రసం తానే తాగుతది, పక్కన ఉన్న తెగులు బూజు దారాల మీద పాకి దాన్ని గూడ తింటది. సూడోమోనాస్ అని ఇంకో ప్యాకెట్ వస్తది చూసిన్రా, అది బ్యాక్టీరియా. దాని చమత్కారం ఇనుము. బూజు మొలవడానికి ఇనుము గూడ కావాలె. సూడోమోనాస్ ఒక పదార్థం వదిలి మట్టిలో ఉన్న ఇనుమునంతా కట్టేసి తన దగ్గర పెట్టుకుంటది. ఫ్యుజేరియం బీజానికి ఇనుము దొరకక మొలక కుంటుపడ్తది. కొట్లాట లేదు, కత్తి లేదు, ఉత్త కూడు గుంజుకునుడే. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి పంపకాలు యాదికొచ్చి నవ్వొచ్చింది.

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట అనుకోవద్దు. మన నర్కూడలో నూనెగింజల పరిశోధనా సంస్థ వాళ్ళ పొలం ఉన్నది గద, శంషాబాద్ నుంచి పోయేటోళ్ళందరూ చూసే ఉంటరు. ఆ సంస్థ రాజేంద్రనగర్‌ది. ఆముదం ఎండు తెగులు మీద వాళ్ళు ఎన్నో ఏండ్లు పని చేసి టీహెచ్4డీ అనే ట్రైకోడెర్మా రకం తెచ్చిన్రు. తెగులు నిండిన మట్టిని కావాలని తయారు చేసి, అందులో రకాలు పెట్టి ఏది బతుకుతదో చూస్తరు. దాన్ని తెగులు మడి అంటరు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌ల గూడ కందికి గట్లనే తెగులు మడి పెట్టే రకాలు ఏరిన్రు. మారుతి, ఆశ రకాలు గట్ల వచ్చినయే. అదే రాజేంద్రనగర్‌ల జాతీయ మొక్కల ఆరోగ్య సంస్థ ఉన్నది, 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగ మొదలైంది. జొన్నలు ఉడికించి వాటి మీద ట్రైకోడెర్మా పెంచుడు అక్కడ నేర్పిస్తరు. చూడండి, వాళ్ళు గూడ జొన్న గింజనే పెడుతున్నరు. ఉత్త సున్నపు పిండి మీద ఏ బూజూ పెరగదు, పిండి దానికి మంచం మాత్రమే, కూడు కాదు. మన ఇంటికి ఇరవై కిలోమీటర్ల లోపల ఇంత చదువు పెట్టుకొని మనం యూట్యూబ్‌ల ఎవడో చెప్పింది నమ్ముతున్నం.

ఇక్రిశాట్ వాళ్ళు తేల్చిన ఇంకో సంగతి మన పెద్దమనుషులు చేసిందే. జొన్నల్లో కంది సాళ్ళు వేస్తే కందికి ఎండు తెగులు తగ్గుతదని 1980ల్లో పరీక్ష పెట్టి చూసిన్రు. మా నాయిన ఏ పరీక్ష పెట్టలేదు. మా చెలకలో ప్రతి ఏడు జొన్న, కంది కలిపే పడేది. మనం జొన్నలు మానేసి, కంది ఒక్కటే వేసి, తర్వాత అదీ మానేసి టమాట మీద టమాట, దాని మీద మళ్ళీ టమాట వేస్తున్నం. అదే వేరు, అదే రసం, అదే తెగులు. ఏడాదికి రెండు సార్లు దానికి విందు పెట్టి, పిలవని చుట్టం వచ్చిందని ఏడుస్తున్నం.

బెల్లం నీళ్ళ గురించి ఒక్క మాట చెప్పాలె, దీని మీద నాతోని కొట్లాడేటోళ్ళు ఉన్నరు. బూజుకు చక్కెర కావాలన్నవ్ గద, చెట్టు మొదట్ల బెల్లం నీళ్ళు పోస్తే సరి అంటరు. నేను వద్దంటున్న. బెల్లం నీళ్ళు పేరు చూసి లేపవు. పోసిన దగ్గర అందరూ లేస్తరు, ముందు లేచేది ఎవరు ఎక్కువున్నరో వాళ్ళు. తెగులు పట్టిన మడిలో ఎవరు ఎక్కువుంటరో మీకే తెలుసు. జీవామృతం సంగతి వేరే. 200 లీటర్ల నీళ్ళకు రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, పది కిలోల పేడ, మూత్రం కలిపి రెండు మూడు రోజులు మురగబెడ్తం. అప్పటికే ఆ బెల్లం, పిండి చాలా వరకు లోపలి సూక్ష్మజీవులే తినేసి ఉంటయి. చేన్లకు పోయేది చక్కెర కాదు, చక్కెర తిని పెరిగిన జీవాలు. పొద్దున కలిపి సాయంత్రం పోసేటోళ్ళు ఈ తేడా గమనించాలె.

పచ్చిరొట్ట గూడ గంతే. జనుము, జీలుగ దున్నిన వారానికే నారు పోస్తే నారుకుళ్ళు వస్తది. ఆ తెగులు తెచ్చే పిథియం మహా తొందరగొట్టుది. విత్తనం నాని చక్కెర కారంగనే కొన్ని గంటల్లోనే లేచి పట్టుకుంటది. పచ్చి ఆకు మట్టిలో పడితే దానికి పండుగ. రెండు మూడు వారాలు ఆగితే మిగతా సూక్ష్మజీవులు ఆ పచ్చి తిండి తినేస్తయి, పిథియం మళ్ళ ఆకలికి పండుకుంటది. మొదలు కుళ్ళు తెచ్చే ఆవగింజల బూజు ఉన్నది చూడండి, చెట్టు మొదట్ల తెల్లటి దారాలు, వాటి మీద ఆవాల లాంటి గుండ్లు. అది ఇంకా విచిత్రం. దానికి తిండి తగలనక్కరలేదు, ఎండుతున్న ఆకు నుంచి వచ్చే ఆవిరి వాసన తగిలినా లేస్తది. అందుకే రాలిన ఆకు, పీకిన కలుపు చెట్టు మొదట్ల కుప్ప పెట్టొద్దనేది. లోతుగ దున్ని ఆ గుండ్లను కిందికి పంపితే లేవలేవు.

పశువుల పెంట మాగినదే వాడమని ఎందుకు చెప్తున్ననో ఇప్పుడు అర్థమైంది గద. పచ్చి పెంట అందరికీ విందు. మాగిన పెంటలో తేలికగ దొరికే చక్కెర అయిపోయి, నిదానంగ అరిగేది మిగిలి ఉంటది. దాన్ని అరిగించుకునే సత్తా ట్రైకోడెర్మాకు ఉన్నది, పీచును గూడ తింటది. షాద్‌నగర్ దిక్కు నుంచి కోళ్ళ ఎరువు చవకగ వస్తున్నదని పచ్చిదే తోలుకుంటున్నరు. అందులో అమ్మోనియా ఘాటుకు మంచి బూజు మొలవదు సరికదా, లేత వేర్లు మాడుతయి. కోళ్ళ ఎరువు చెడ్డదని కాదు, కుప్ప పోసి తడిపి తిరగేసి మాగినంక వాడండి.

ఇంత చెప్పినంక మీరు అడిగేది నాకు తెలుసు. "పెంట ఏది అన్నా?"

అదే నా కడుపుల మంట. 2008లో విమానాశ్రయం మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు దాని కింద ఉన్నది. దాని చుట్టూ రోడ్లు, వెంచర్లు, గోదాములు, ఫంక్షన్ హాళ్ళు. మేపడానికి బీడు లేదు, చొప్ప కోయడానికి జొన్న లేదు, బర్రెను కాసే మనిషి లేడు. ఎడ్లు ఉన్న ఇల్లు ఊర్ల వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా చిన్నప్పుడు ప్రతి ఇంటి ముంగట పెంటకుప్ప ఉండేది, ఎండాకాలం బండ్లు కట్టి తోలుడే పని. ఇప్పుడు ట్రాలీ పెంట కొనాలంటే వేలల్లో అడుగుతున్నరు, అందులో సగం మట్టి. భూమికి కూడు బంద్ పెట్టి పదిహేను ఇరవై ఏండ్లైంది. మన ఎర్ర చెలకలు ముందే పలుచటి నేలలు. యూరియా, డీఏపీ చెట్టుకు కూడు కావొచ్చు గాని, ఈ బూజుకు కావలసిన కర్బనం యూరియా బస్తాలో రాదు. టమాటలో యూరియా ఎక్కువైతే ఎండు తెగులు ఇంకా ఎక్కువైతదని గూడ తేలిన సంగతే. అంటే మనం చెడ్డోనికి మేపి, మంచోన్ని పస్తులు పెడుతున్నం.

గందుకే నేను అనేది, సబ్సిడీ మీద ఉత్త ప్యాకెట్ ఇచ్చుడు సగం పనే. దాంతోపాటు పెంటకు, వేపపిండికి, ఒక బర్రెనన్న సాదుకునేటోనికి సాయం చేయాలె. లేకపోతే విత్తనం ఇచ్చి చేను ఇయ్యనట్టు. రైతు వేదికల్లో కుర్చీలేసి ఉపన్యాసం చెప్పే బదులు, ఎండాకాలం ఆఖర్ల వేదిక ముంగటనే చెట్టు కింద ఒక కుప్ప పెట్టి చూపిస్తే, పది రోజులకు వచ్చి పచ్చటి బూజును కళ్ళతోని చూస్తే ఎవ్వడూ ఉత్త పిండి అనడు. మనం గూడ అడగాలె. "ప్యాకెట్లు ఎప్పుడొస్తయి సార్" అని మాత్రమే అడుగుతున్నం, వాటిని ఎట్ల సాదాలె అని అడుగుతలేం.

పెంట లేనోళ్ళు ఊకుండాల్నా అంటే, లేదు. ఒక దారి ఉన్నది. విత్తన శుద్ధి. కిలో విత్తనానికి 8 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించి నీడకు ఆరబెట్టి వేయండి. ఇక్కడ పెంట లేకున్నా పని చేస్తది, ఎందుకంటే విత్తనం నానినప్పుడు కారే చక్కెరే దానికి మొదటి ముద్ద. బీజం విత్తనానికి అంటుకునే ఉంటది కాబట్టి అందరికంటే ముందు దానికే అందుతది. పిథియం వచ్చేసరికి బంతి నిండి ఉంటది. చిటికెడు పొడి, పైసల ఖర్చు, పావుగంట పని. చేసేటోళ్ళు మాత్రం నూటికి ఇద్దరు. నారు తెచ్చి నాటేటోళ్ళు వేర్లు ముంచొచ్చు. ఇగ అరెకరం, పావెకరం ఉన్నోళ్ళు ఇంటి ఆకు అలం, వంకాయ తొడిమెలు, పూల దుకాణాల్లో పారేసే బంతి పూలు కుప్ప పోసి మాగబెట్టినా క్వింటాల్ ఎరువు ఎక్కడికి పోదు. పొలమంతా చల్లుడు కాకుండ నాటే గుంతల్లో పిడికెడు పిడికెడు వేస్తే చాలు. వేరు ఉన్న దగ్గరే కొట్లాట గద.

వేరు బూజు అని, మైకోరైజా అని ఇంకో ప్యాకెట్ అమ్ముతున్నరు. దాని కథ మళ్ళ వేరే. దాని బీజం పెద్దది, లోపల నూనె మూట ఉంటది, బయటి తిండి లేకున్నా మొలుస్తది. కాని మొలిచినంక బతికి ఉన్న వేరు దొరకకపోతే కొంచెం దూరం సాగి ఆగిపోతది. దాన్ని పెంటకుప్పలో పెంచలేం, వేరు మీదనే పెరుగుతది. భాస్వరం ఎక్కువ పోసిన చేన్ల చెట్టు దాన్ని దగ్గరికి రానీయదు. బస్తాలకు బస్తాలు డీఏపీ వేసే మడిలో అది కొని వేయడం పైసలు దండగ. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి అమ్ముతరు, రెండిట్లకూ ఒకటే పద్ధతి చెప్తరు. అడిగి కొనండి.

ఆఖరుకు, ట్రైకోడెర్మా పని చేయలేదు అనేముందు ఒక పరీక్ష చేయండి. వాడిన టమాట చెట్టు పీకి, మొదలు దగ్గర కాండం కోసి గాజు గిలాసలో నీళ్ళలో నిలబెట్టండి. కొన్ని నిమిషాలకు పాల లాంటి దారం కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. బూజు కాదు. దానికి ఈ పొడి మీద ఆశ పెట్టుకొని కూసోవద్దు, పంట మార్చుడే ముఖ్యం. నీళ్ళు తేటగ ఉండి, కాండం చీరితే లోపల నాళాలు గోధుమ రంగు తిరిగి ఉంటే అది ఫ్యుజేరియం. అప్పటికే వాడిన చెట్టును ఏ ప్యాకెట్ లేపదు. పీకి, చేన్ల పారేయకుండ బయట కాల్చండి, పక్క చెట్లకు చూసుకోండి.

నేను ఈసారి కుప్ప మా బోరు కాడి చింతచెట్టు కింద పెట్టిన. మాగిన పెంట అంతా మా దగ్గర లేదు, సగం పెద్దషాపూర్ నుంచి తోలిచ్చిన. నిన్నటికి ఐదు రోజులు. పొద్దున గోనె సంచి లేపి చూస్తే అంచుల పొంటి తెల్లగ పారింది, నడిమిట్ల ఒక జానెడు మేర పచ్చగ తిరిగింది. ఒక మూలకు మాత్రం ఏం లేదు, అక్కడ నీళ్ళు అందలేదు. ఆదివారం తిరగేస్తున్న. చూద్దామనుకునేటోళ్ళు పొద్దున ఎనిమిది లోపల రండి, ఎండ ఎక్కినంక కుప్ప తెరవను.

మీ దగ్గర గిలాస పరీక్ష చేసినోళ్ళు ఏమొచ్చిందో కింద రాయండి. ఏ ఊరు, ఏ పంట తర్వాత టమాట పెట్టిన్రో గూడ రాస్తే మన చుట్టుపక్కల ఏ తెగులు ఎక్కువున్నదో అందరికీ తెలుస్తది.